సత్తు బిళ్ళల మధ్య ఒక స్టీలు బిళ్ళ

ముప్పై ఏళ్ల డ్యూటీలో నేను పోగొట్టిన వస్తువు ఒక్కటే. పాత రూపాయి బిళ్ళంత వెడల్పు, మధ్యలో చిల్లి, సత్తుతో చేసిన చిన్న బిళ్ళ. అది పోవడం వల్ల ఒక మనిషి ఊపిరి మీదికి వచ్చింది. ఆసుపత్రుల్లో కొత్తగా ఆయాలుగా, వార్డుబాయిలుగా చేరిన పిల్లలు కనబడితే, "అమ్మమ్మా, మీ రోజుల్లో ఎట్లుండె?" అని అడుగుతుంటారు. మా రోజులు గొప్పవని చెప్పడానికి కాదు, ఈ బిళ్ళ సంగతి చెప్పడానికే కలం పట్టాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. ఎక్కడైనా వాక్యం వంకర పోతే సర్దుకొని చదవండి.

పాతబస్తీలో, హుస్సేనీ ఆలం వెనక సందుల్లో అప్పట్లో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను అక్కడ ఊపిరితిత్తుల విభాగంలో, పరీక్షల గదిలో ఆయాను. గది తాళంచెవి ఎప్పుడూ నా కొంగుకే ఉండేది. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బు వీపుకు అతికించి వాడేదాన్ని. గాజుగుడ్డను మడత విప్పి రెండుగా కత్తిరించేదాన్ని. రోగి కుర్చీలో కూర్చున్నాకే ఫ్యాను వేసేదాన్ని, లేవగానే కట్టేసేదాన్ని. మా చిన్న డాక్టరు, అంటే అప్పుడే చదువు ముగించి చేరిన కుర్రాయన, వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు: "ఆయమ్మ గదిలో గాలి కూడా పొదుపుగ పీల్వాలె. జాగ్రత్త."

నవ్వేవాళ్లు నవ్వేవారు. ఏడేళ్లలో ఆ గదిలో గుండుసూది పోలేదు. ఆ మాట నేనే పదిసార్లు అందరికీ వినిపించేదాన్ని. థర్మామీటరు పగలగొట్టిన పక్క వార్డు ఆయాను అందరి ముందూ కడిగేసిన ఘనత కూడా నాదే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ గదిలో ఒక పరికరం ఉండేది. దాన్ని బరువుల గొట్టం అనేవాళ్లం. మా పెద్ద డాక్టరుగారు బొమ్మ గీసి ఇస్తే వర్క్‌షాపు మేస్త్రీ తయారుచేశాడు. నిలువు గొట్టంలో ఒక మూత, ఆ మూత మీద ఒక సన్నని కడ్డీ, కడ్డీకి గుచ్చే సత్తు బిళ్ళలు. రోగి ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో రబ్బరు గొట్టం పెట్టేవాళ్లం. లోపలికి గట్టిగా లాగితేనే మూత లేచి గాలి వచ్చేది. లాగకపోతే గాలి రాదు. బిళ్ళలు ఎన్ని ఎక్కువ పెడితే అంత కష్టం. ముందు వేరే మీటరుతో రోగి ఒక్కసారికి ఎంత బలంగా లాగగలడో చూసేవారు. దాన్ని బట్టి ఎన్ని బిళ్ళలు పెట్టాలో డాక్టరు చెప్పేవాడు. తర్వాత ఆ బరువుతో ఎంతసేపు ఊపిరి తీస్తూ ఉండగలడో చూడాలి. పది నిమిషాలు దాటితే చాలనేవారు. "ఒక్కసారి మూట ఎత్తడం వేరు, దాన్ని మోసుకుంటూ నడవడం వేరు. మనకు కావలసింది రెండోది" అని పెద్ద డాక్టరుగారు చెప్పేవారు. ఆయనది కోస్తా వైపు. ఎవరితోనైనా మీరు, అండి అనే మాట్లాడేవారు.

బిళ్ళలు కడగడం, ఆరబెట్టడం, కడ్డీకి గుచ్చడం, స్టాప్‌వాచ్ నొక్కడం నా పని.

ఒకరోజు కడుగుతుంటే ఒక బిళ్ళ జారి సింకు తూములో పడిపోయింది. తూము జల్లెడ ఎప్పుడో విరిగింది. కొత్తది అడగడమెందుకని నేనే ఒక దోమల జాలీ ముక్క కత్తిరించి పెట్టాను. ఆ ముక్క పక్కకు జరిగింది. ఇనుప తీగతో గంటసేపు కెలికినా బిళ్ళ దొరకలేదు.

పోయిందని చెబితే అయిపోయేది. మేస్త్రీ సాయంత్రానికి ఇంకోటి కోసి ఇచ్చేవాడు. కానీ గుండుసూది మాట, థర్మామీటరు మాట రెండూ గొంతుకు అడ్డం పడ్డాయి. ఆ వారం జుమేరాత్ బజారుకు పోయాను. పాత ఇనుప సామాను గుట్టలో అచ్చం అంతే వెడల్పు, అంతే చిల్లి ఉన్న బిళ్ళ దొరికింది. తెల్లగా మెరుస్తోంది.

"స్టీల్ అమ్మా, అసల్ స్టీల్" అన్నాడు అమ్మేవాడు. "చేతుల పట్టి చూడు. వజన్ చూడు."

గిన్నె కొన్నా, గంటె కొన్నా అరచేతిలో ఎగరేసి చూడటం నాకు అలవాటు. బరువుంటే గట్టి సరుకు, తేలికగా ఉంటే మోసం. దాన్నీ అలాగే చూశాను. పోయినదానికంటే బరువుగా ఉంది. పోయిన వస్తువుకంటే మంచి వస్తువే తెచ్చానని మురిసిపోయాను. బరువు తూచే పరికరంలో బరువే తప్పవుతుందన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. పైగా ఇంట్లో గిన్నెలు పేర్చినట్టు, బరువైనది కిందుండాలని ఎవరికి పరీక్ష చేసినా దాన్నే ముందు గుచ్చేదాన్ని.

ఆ తర్వాత మూడో వారంలో ఆమె వచ్చింది.

నలభై అయిదేళ్లుంటాయి. లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులకు రాళ్లు అతికే కారిగర్. మా గది తలుపు రెండో రెక్క తీస్తే తప్ప లోపలికి రాలేనంత ఒళ్లు. పెదవులు నేరేడు రంగులో ఉండేవి. పడుకుంటే ఊపిరాడదని ఏళ్ల తరబడి గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోతోంది. ఆ నిద్రలోనూ ఊపిరి సరిగ్గా ఆడదు. పాడుగాలి ఒంట్లోనే మిగిలిపోయి పగలంతా మత్తు. వేడి లక్క మీద రాయి నొక్కుతూ నొక్కుతూనే కన్ను మూతపడేది. ఆమె వేళ్ల మీద కాలిన మచ్చలు లెక్కపెట్టలేం. రెండు నెలల క్రితం తెలివి తప్పి మా వార్డులోనే చేరి, గండం గడిచి బయటపడింది.

ఇవన్నీ కాగితాల్లో ఉన్న సంగతులు. నాకు మాత్రం కంటికి కనబడిందే నిజం. తిని కూర్చుంటే ఇట్లే అవుతుంది అనుకున్నాను.

"ఆపా, జెర కూసోనియ్యు. మెట్లెక్కి వచ్చిన" అంది. వాళ్లు అక్కను ఆపా అంటారు.

"పది మెట్లే కద. ఇద్దరు కూసునే బల్ల, మొత్తం నువ్వే కూసుంటివి."

ఆమె నవ్వింది. నవ్వుకు కూడా ఆయాసమే. "ఫికర్ చెయ్యకు ఆపా, చీటీ ఇద్దరిది రాయించుకుంట తియ్యి."

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు.

ఆమెకు ఆ పరీక్ష ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నిద్రలో ముక్కుకు మాస్కు పెట్టి గాలి తోసే యంత్రం ఒకటి ఆసుపత్రికి ఎవరో దానమిచ్చారు. రోగి దాన్ని ఇంటికి తీసుకుపోయి రోజూ వాడుకోవచ్చు. వార్డులో వాడేది కాక, ఇంటికిచ్చేది అదొక్కటే. అడిగేవాళ్లు ఇద్దరు: ఈమె, కోర్టులో పనిచేసి రిటైరైన ఒక గుమస్తాగారు. గుమస్తాగారి పరీక్ష నెల ముందే, అంటే నా బిళ్ళ తూములో పడకముందే అయిపోయింది. ఆయన అయిదు నిమిషాలు లాగాడు. ఈమెకు ఆ యంత్రం దొరక్కపోతే మళ్లీ తెలివి తప్పుతుందనీ, ఈసారి తిరిగి రాకపోవచ్చనీ పెద్ద డాక్టరుగారు అనడం నేను విన్నాను. చిన్న డాక్టరుకు ఇంకో చింత. మాస్కు పెట్టుకొని పడుకోవడం తేలిక కాదు. మొహం ఒరుసుకుపోతుంది, గాలి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఓపిక లేనివాళ్లు నాలుగు రోజులకే మూలన పడేస్తారు. "కష్టపడి వాడేటోళ్లకే ఇయ్యాలె" అనేవాడు. ఆ మాటా తప్పు కాదు. ఆ ఓపిక ఎవరికుందో గొట్టం లాగేటప్పుడే తెలిసిపోతుందని ఆయన లెక్క.

ఒక్కసారికి ఎంత లాగుతుందో చూశారు. బాగానే లాగింది. "నాలుగు బిళ్ళలు పెట్టు ఆయమ్మా" అన్నాడు చిన్న డాక్టరు. పెట్టాను. అడుగున నా స్టీలు బిళ్ళ, పైన మూడు సత్తు బిళ్ళలు.

యాభై సెకన్లు. అంతే. గొట్టం నోట్లోంచి లాగేసి బల్ల అంచు పట్టుకుంది.

"ఏందమ్మా గిది? ఒక్కసారి లాగుమంటే మస్తు లాగితివి. ఇప్పుడేమైంది?" అన్నాడు చిన్న డాక్టరు.

"అయితలేదు సాబ్. ఎవరో లోపలికెళ్లి పట్టుకున్నట్టయితుంది."

ఎందుకు ఆపారు అని రిజిస్టరులో ఒక గడి ఉండేది. అందులో ఆయన ఇంగ్లీషులో రెండు ముక్కలు గీకాడు. 'ప్రయత్నం లేదు' అని దాని అర్థమట. ఆయన్ను ఎవరూ తప్పుపట్టలేరు. ఆయన అనని మాట నేను అన్నాను.

"కష్టం చేసే అలవాటు లేదు సార్, ఇగ గిట్లనే ఉంటది."

ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

గురువారం మళ్లీ వచ్చింది, ఎవరూ పిలవకుండానే. "ఇంకొక్క మౌకా ఇయ్యు సాబ్" అని చిన్న డాక్టరును బతిమాలింది. ఆయన సరేనన్నాడు. అవే నాలుగు బిళ్ళలు.

నేను స్టాప్‌వాచ్ నొక్కాను. ఎదురు గోడకు ఒక మేకు ఉండేది. ఆమె చూపు దాని మీద నిలబెట్టింది. ప్రతి ఊపిరికీ మెడ నరాలు తాళ్లలా లేచేవి, భుజాలు చెవుల దాకా పోయేవి, మూత టక్కుమని లేచి టక్కుమని పడేది. నిమిషం దాటింది. చెమట గడ్డం మీంచి కారి ఒళ్లో పడుతోంది. రెండు నిమిషాలు దాటాయి. టక్కు టక్కు మధ్య ఎడం పెరిగింది. చిన్న డాక్టరు ఆమె వేలికి పెట్టిన మీటరు చూస్తూ లేచి నిలబడ్డాడు. రెండు నిమిషాల నలభై దగ్గర మూత లేవలేదు. ఇంకోసారి లాగింది. లేవలేదు. గొట్టం దానంతటదే నోట్లోంచి జారిపోయింది.

"నయమే" అన్నాడు చిన్న డాక్టరు, నీళ్లిస్తూ. "కాని గుమస్తాగారు అయిదు చేసిండు అమ్మా. సోమవారం పెద్ద సార్ సంతకం చేస్తరు. చూద్దాం." ఆ 'చూద్దాం' ఏమిటో ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది.

ఆయన వెళ్లిపోయాడు. ఊపిరి కుదురుకునే దాకా కూర్చోమన్నాను. కడ్డీ మీంచి బిళ్ళలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె చేతులు ఊరుకునే రకం కాదు. మిగతా బిళ్ళలను కూడా దగ్గరికి లాక్కొని, కళ్లు మూసుకొని ఒక్కొక్కటే అరచేతిలో వేసుకుంటోంది. ఒకదాన్ని తీసి పక్కన పెట్టింది.

"ఆపా, ఇది వీటి జోడీది కాదు."

"ఏంది?"

"ఇది వేరే. మేం గాజు గాజు చేతిల పెట్టి జోడీ కడతం. ఒక గాజుల లక్క జెర ఎక్కువ పడ్డా చెయ్యి చెప్తది. ఇది వీటి చెల్లె కాదు ఆపా, సవతి."

"నీ పని నువ్వు చూస్కో" అని బిళ్ళ లాక్కున్నాను.

ఆమె పాపం, గాజుల సంగతి చెప్పినట్టే చెప్పింది. ఆ సవతి తన పీక మీద కూర్చుందని ఆమెకు తెలియదు.

శుక్రవారం పొద్దున్నే మందుల గదికి పోయాను. కాంపౌండరు పొడులు తూచే చిన్న త్రాసు అక్కడుండేది. ఒక తట్టలో స్టీలు బిళ్ళ, ఇంకో తట్టలో సత్తు బిళ్ళ వేశాను. తట్ట కదల్లేదు. రెండోది వేశాను. కొంచెం లేచింది. మూడోది వేస్తే సమంగా నిలబడింది. ఒక్కటి మూడింటికి సరి. అంటే నాలుగు బిళ్ళలు పెట్టాననుకొని ఆరు బిళ్ళల బరువు పెట్టాను. మూడో తరగతి లెక్క చాలు దానికి.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. అవే నాలుగు గుచ్చి, ముక్కుకు క్లిప్పు పెట్టుకొని నోట్లో గొట్టం పెట్టుకున్నాను. నేను బక్కపలచని మనిషిని, బిందె ఎత్తుకొని రెండంతస్తులు ఎక్కేదాన్ని. మొదటి ఊపిరికి మూత సగం లేచింది. రెండో ఊపిరికి లేవనే లేదు. లోపలికి గాలి రాదు, ముక్కు మూసి ఉంది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. క్లిప్పు పీకి పారేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె అందులో రెండు నిమిషాల నలభై సెకన్లు కూర్చుంది. మేకు చూస్తూ.

అప్పుడే పోయి చెప్పానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం చెబుదామనుకున్నాను, శనివారం చెబుదామనుకున్నాను. సవతి బిళ్ళను తీసేసి మేస్త్రీతో గుట్టుగా ఇంకోటి కోయించుకుంటే సరిపోతుందేమోనని కూడా ఆలోచించాను. ఆదివారం అన్నానికి కూర్చున్నాను. ప్రతి ముద్దకీ ఊపిరి తీసుకుంటున్నట్టు తెలిసింది. అంతకుముందు యాభై ఏళ్లలో నా ఊపిరి సంగతి నాకు ఎన్నడూ తెలియలేదు.

సోమవారం పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఫైలు ఉంది. పక్కన చిన్న డాక్టరు. పెన్ను మూత తీసి ఉంది. నేను లోపలికి పోయి బిళ్ళ ఆయన ముందు పెట్టాను. దాని పక్కన గది తాళంచెవి పెట్టాను.

"ఏమ్మా, ఏమైంది?"

మొత్తం చెప్పాను. సింకు, జాలీ ముక్క, జుమేరాత్ బజారు, త్రాసు.

చిన్న డాక్టరు మొహం ఎర్రబడింది. "ఆయమ్మా! గిది పరీక్ష సామాను, మీ వంటింటి డబ్బా మూత కాదు! ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"నా పరువు పోయేది సార్. గందుకే చెప్పలే."

అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

పెద్ద డాక్టరుగారు ముందు రిజిస్టరు తెప్పించి, ఆ మూడు వారాల్లో ఇంకెవరికి పరీక్ష చేశామో చూశారు. ఇద్దరున్నారు. వాళ్లనూ మళ్లీ రమ్మని కబురు పెట్టించారు. తర్వాత బిళ్ళను అరచేతిలో ఆడిస్తూ కాసేపు ఆలోచించి, చిన్న డాక్టరుతో అన్నారు: "పదండి డాక్టర్. ఆ నాలుగూ పెట్టి మీరు కూర్చోండి."

"నేనా సార్?"

"క్రికెట్ ఆడతారు కదా."

కూర్చున్నాడు పాపం. నేను వాచ్ నొక్కాను. అర నిమిషం దర్జాగానే గడిచింది. నిమిషానికి చెవులు కందాయి. తర్వాత గొట్టం పీకేసి, టై వదులు చేసుకొని, ఆమె పట్టుకున్న చోటే బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎంతసేపమ్మా?"

"ఒక నిమిషం ఇరవై సార్."

"ఆవిడ?"

"రెండు నిమిషాల నలభై."

పెద్ద డాక్టరుగారు మెల్లగా చెప్పారు. పక్కటెముకల కింద గొడుగులా పరుచుకొని ఒక కండ ఉంటుందట. మనం పుట్టిన నాడు పని మొదలుపెడుతుంది, పోయే నాడు ఆపుతుంది. మధ్యలో సెలవు లేదు. "మన కండ ఉత్త గాలి లాగుతుంది. ఆవిడ కండ ప్రతి ఊపిరికీ ఆ ఛాతీని, ఆ పొట్టను ఎత్తి గాలి లాగాలి. పగలు హమాలీ పనే, రాత్రి హమాలీ పనే. పడుకుంటే ఇంకా బరువు. విశ్రాంతి లేని హమాలీ ఎన్నాళ్లు మోస్తాడు? ఆ మాస్కు పెట్టేది ఎందుకనుకుంటున్నారు? రాత్రిపూట ఆ మూట ఇంకెవరైనా కాస్త పట్టుకోవడానికి. అలాంటి కండ మీద మనం ఇంకో బరువు పెట్టి, సోమరి అని రాశాం."

ఆయన 'మనం' అన్నారు. 'మీరు' అనలేదు. నేను రిటైరై ఇన్నేళ్లయినా ఆ మాట మరిచిపోలేదు.

"ఎవరినైనా పంపి ఆవిడను పిలిపించండి."

"నేనే పోత సార్" అన్నాను.

లాడ్ బజార్ వెనక సందు, పైన రేకులు, కింద బొగ్గుల కుంపటి. అయిదారుగురు ఆడవాళ్లు వరసగా కూర్చొని పనిచేస్తున్నారు. ఆమె గోడ పక్కన, చేతిలో సగం రాళ్లు అతికిన గాజు, గడ్డం రొమ్ము మీద. నిద్రలో ఉంది. భుజాలు మాత్రం లేస్తూ పడుతూ ఉన్నాయి. అంతకుముందైతే, పని వేళ కునుకు చూడు అనుకునేదాన్ని. ఆ రోజు నిలబడి ఆ భుజాలనే చూశాను. నిద్రపోతున్న మనిషి లోపల మేలుకొని మోస్తున్న ఆ కండను చూస్తున్నట్టు అనిపించింది. గుళ్లో నిలబడ్డప్పుడు కూడా నాకు అంత భయభక్తులు కలగలేదు.

పక్కావిడ తట్టి లేపింది.

"ఆపా? ఏంది నువ్వు గిట్ల వచ్చినవ్?"

కింద కూర్చొని చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. చెప్పడం అయిపోయాక, తిడుతుందని తల వంచుకున్నాను.

ఆమె అడిగింది: "అంటే నేను కామ్‌చోర్‌ని, పనిదొంగను కాదు కదా ఆపా?"

"కాదు బిడ్డా."

"గది రాసిన్రా కాగితంల?"

"రాయిస్త. నా ముందల రాయిస్త."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. చేతికి లక్క ఉంది. "ఇంట్ల అంటరు, బజారుల అంటరు, ఆటోవాలా అంటడు. నాకే అనుమానమొచ్చింది ఆపా, నిజంగనే నేను కామ్‌చోర్‌నేమో అని. నువ్వు ఆనాడు కష్టం చేసే అలవాటు లేదంటివి చూడు, గది మాత్రం చానా గుచ్చింది."

"తప్పయింది" అన్నాను. నా నోట ఆ మాట మా ఇంట్లోవాళ్లు కూడా ఎప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. మచ్చల మీద మచ్చలు.

"ఛోడో ఆపా" అంది ఆమె, గాజు పక్కన పెడుతూ. "సవతి అని నేను ముందే చెప్పిన. ఆడోళ్ల మాట ఎవరింటరు?" చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

మర్నాడు మేస్త్రీ కోసిన కొత్త సత్తు బిళ్ళతో పరీక్ష చేశాం. ఆరు నిమిషాలు లాగింది. చిన్న డాక్టరు పాత రాతను అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఆమెకు తిప్పి చూపించాడు. యంత్రం ఆమె ఇంటికి పోయింది. గుమస్తాగారి పరిస్థితి అంత తీవ్రంగా లేదు. ఇంకోటి వచ్చే దాకా ఆయన వార్డులో ఉన్నదాన్ని వాడుకున్నాడు.

తాళంచెవిని పెద్ద డాక్టరుగారు నా వైపు తోశారు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. ఒక్కటి చేయండి. గది తలుపుకు ఒక కాగితం అంటించండి. ఏది పోయినా, ఏది పగిలినా ఎవరి చేతిలో పోయిందో అందులో రాయాలి. రాసినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు." మొదటి వరస నేనే రాశాను, నా వంకర అక్షరాల్లో: సత్తు బిళ్ళ ఒకటి, సింకులో, నా చేతిలో. తర్వాత పక్క వార్డుకు పోయి థర్మామీటరు ఆయాకు కూడా తప్పయిందని చెప్పాను. ఒకే వారంలో రెండుసార్లు ఆ మాట అనాల్సి వచ్చింది. రెండోసారికి కొంచెం అలవాటైంది.

మూడు నెలలకు ఆమెను మళ్లీ రమ్మన్నారు. మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది. పెదవుల రంగు మారింది. ఒళ్లు పెద్దగా తగ్గలేదు, కళ్లు మాత్రం తెరుచుకున్నాయి. మనిషి మొహంలో అంతంత పెద్ద కళ్లున్నాయని అంతకుముందు నాకు తెలియలేదు. "ఆపా, పండుకుంటున్న. వెల్లకిల, కాళ్లు సాపుకొని" అని చెప్పింది, ఊరికి పోయొచ్చినామె అక్కడి వింతలు చెప్పినట్టు.

అదే కుర్చీ, అదే మేకు, నాలుగు బిళ్ళలు. నాలుగూ సొంత చెల్లెళ్లే.

మూత టక్కుమని లేచింది, టక్కుమని పడింది. భుజాలు కదలడం లేదు. పొట్ట నెమ్మదిగా ముందుకు వస్తోంది, నెమ్మదిగా వెనక్కి పోతోంది. లోపల ఆ గొడుగు విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది. అది నాకు కనబడుతున్నట్టే ఉంది. అందరి లోపలా ఇదే జరుగుతోంది, చిన్న డాక్టరులో, నాలో, బయట సందులో అరుస్తున్న తోపుడుబండివాడిలో. ఎవరికీ దాని సంగతే తెలియదు. ఈమెకు తెలుసు. మూత చప్పుడు గడియారంలా అదే ఎడంతో పోతూనే ఉంది. నేను నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాను.

చివరికి ఆమె తనే చెయ్యెత్తి గొట్టం తీసింది. బల్ల అంచు పట్టుకోలేదు.

"ఎంత ఆయమ్మా?" అన్నాడు చిన్న డాక్టరు.

చేతిలో వాచ్ చూశాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. నొక్కడం మరిచిపోయాను. జీవితంలో అంత ముఖ్యమైన పరీక్ష, వాచ్ నా చేతిలోనే ఉంది, నొక్కలేదు! భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

పెద్ద డాక్టరుగారు తన చేతి గడియారం చూసుకున్నారు. "పది ఎప్పుడో దాటిందమ్మా. ఆపమని చెప్పాల్సింది నేనే. ఆపబుద్ధి కాలేదు." రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. ఎందుకు ఆపారు అన్న గడి మీద పెన్ను పెట్టి అడిగారు: "ఎందుకు ఆపారమ్మా? ఆయాసం వచ్చిందా?"

"నై సాబ్."

"నొప్పి?"

"నై."

"మరి?"

ఆమె దుపట్టా సర్దుకొని లేచి నిలబడింది. "పగటి పన్నెండు అయితుంది కదా సాబ్. గాజులు అట్లనే ఇడిసిపెట్టి వచ్చిన. పని ఉంది."

ఆయన అదే రాశారు. ఇంగ్లీషులో రాస్తే నాకు తెలియదని, చదివి చెప్పమని అడిగాను. ఆయన గడి మీద వేలు పెట్టి తెలుగులో చదివారు.

"పని ఉందని వెళ్లింది."